వెనక్కి తొక్కితే ఆగే బండి

"డౌవె తాగి కాలువలో పడ్డాడు. ఫైలు మూసేశాం," అన్నాడు డచ్ గూఢచారి శాఖ హేగ్ ఆఫీసులో పై అధికారి తెర్ హార్.

వైబె పళ్ళు నూరాడు. ఏజెంట్ డౌవె అతని జోడీ. పెళ్ళివిందులో కూడా మజ్జిగే అడిగి తాగే మనిషి.

"తాగాడని ఎవరన్నారు సార్?"

"చివరిసారి అతనితో ఉన్న ఏజెంట్ హన్నెకె. రిపోర్టు ఆమెదే."

"వాసన చూసిందటా?"

"ఆ కోపం కాస్త దిగమింగి విను. పరాయి సైన్యం మీద పడితే ఏ తూములెత్తి ఏ పొలాలు ముంచాలో చూపే పటం ఒకటి మైక్రోఫిల్మ్‌మీద ఉంది. డౌవె దగ్గరే మాయమైంది. డొక్కుం ఊరి కాలువల్లోంచి పడవమీద దేశం దాటిస్తారట. దాటిందా, మనకి మిగిలేది బురదే. నువ్వూ హన్నెకే మొగుడూ పెళ్ళాల్లా కారు వెనక ఇల్లులా లాగే కారవాన్‌లో సెలవులకి వెళ్ళండి. సైకిళ్ళమీద ఊరంతా తిరిగి ఏ పడవో కనిపెట్టండి."

డొక్కుం శివార్లలో కారవాన్ ఆపారు. ఎర్ర స్కార్ఫు, నల్ల కళ్ళద్దాలతో హన్నెకె దిగింది. పక్క గుడారాల మగాళ్ళు కొట్టిన మేకులనే మళ్ళీ కొట్టడం మొదలుపెట్టారు.

"మాది ఇక్కడికి దగ్గరే, గ్రోనింగన్ పక్క పల్లె. నాకు నడకకంటే ముందు సైకిలే వచ్చింది," అంది నవ్వుతూ.

ఆఫీసు ఇచ్చిన కొత్త నల్ల సైకిళ్ళవి. చేతి బ్రేకుండదు, పెడలు వెనక్కి తొక్కితే బండి ఆగుతుంది. డచ్ నేలమీద పుట్టినవాళ్ళకి ఈ సంగతి ఎవరూ నేర్పరు, కాలికే తెలుసు.

కోటగట్టు మీద గాలిమర దాటి కిందికి దిగుతుంటే బాతులు అడ్డమొచ్చాయి. హన్నెకె వేళ్ళు వట్టి హ్యాండిల్‌ని గట్టిగా పిసికాయి. బండి ఆగలేదు. బూటు నేలకి రాసి ఎలాగో నిలబడింది.

"ఏమైంది?"

"బ్రేకు పట్టలేదు."

"ఏ బ్రేకు?"

"అబ్బ, పెళ్ళాన్ని కూడా ఇంటరాగేట్ చెయ్యాలా?" అని బాతులకేసి గంట కొట్టింది. టక్కుమంది, అంతే.

"నీ గంటకి జలుబు చేసినట్టుంది."

"తుప్పులే."

కొత్త బండికి తుప్పేమిటి? వైబె ముందుకి తొక్కాడు. ఆవు కుంటితే ముందు గిట్ట చూసే పల్లెటూరివాడు, కేకలు పెట్టడు. లోపల మాత్రం కుతకుతా ఉడికిపోయాడు. పుట్టిన ఊరు అబద్ధం చెప్పిన మనిషి, డౌవె చావు గురించి నిజం చెబుతుందా?

మర్నాడు ఎత్తుడు వంతెన పక్కన కాఫీ తాగుతున్నారు. మలుపు దగ్గర బూడిదరంగు మోటారు పడవ కూత వేసింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి. వంతెన కాపరి షూర్డ్ ముసలాయన విసుక్కుంటూ వంతెన లేపసాగాడు.

"కారవాన్ తాళం వెయ్యలేదు, ఇప్పుడే వస్తా," అంటూ హన్నెకె సైకిలెక్కింది. కారవాన్ ఎడమవైపు. ఆమె బండి కుడికి, వంతెనకేసి వస్తున్న పడవ వైపు తిరిగింది. తొక్కుతూనే ఒంటిచేత్తో గంట మర విప్పుతోంది.

ఫిల్ము ఆ గంటలోనే ఉంది!

వైబె వెంటపడ్డాడు. "హన్నెకె! నా డౌవె నోట్లో జిన్ను పోసిందెవరే?"

ఆమె తిరిగింది. చేతిలో లిప్‌స్టిక్ గొట్టంలాంటి పిస్టల్ పేలింది. కాఫీ దుకాణం కిటికీలో పూలకుండీ పగిలింది. "ఆగిపో వైబె! వాడూ ఇలాగే ప్రశ్నలడిగి చచ్చాడు!"

ముందుకి చూసేసరికి ఎదురుగా నిలువుగా లేచిన వంతెన, దాని కింద నీళ్ళు. పిస్టల్ జారిపోయింది. ప్రాణభయంలో చెయ్యి నేర్చుకున్న పాఠం వినదు, పుట్టిన ఊరి మాటే వింటుంది. రెండు చేతులూ లేని బ్రేకుని పిసికాయి.

ఆమే బండీ కలిసి కాలువలో పడ్డాయి.

పడవవాడు కొక్కెం చాచాడు, ఆమెకి కాదు, సైకిలుకి. వైబె గట్టుమీంచి నీళ్ళలోకి దూకాడు. "మామా! వంతెన దించు!"

"అటూ ఇటూ తేల్చుకోండయ్యా!" అని తిడుతూనే షూర్డ్ వంతెన వదిలేశాడు. పడవ ముక్కు దాని కింద ఇరుక్కుపోయింది. కొక్కెం సైకిల్ని సగం పైకి లేపింది. వైబె గంటకి ఆఖరి మర తిప్పాడు. గంట అతని గుప్పిట్లోకి వచ్చింది. వట్టి సైకిలు పడవలో పడింది.

షూర్డ్ తాడేసి హన్నెకెని గట్టుకి లాగాడు. "పొద్దున్నే తాగిందేమిట్రా ఈ పిల్ల?"

"లేదు మామా," అన్నాడు వైబె నీళ్ళోడుతూ. "డౌవె కూడా తాగలేదు."

పోలీసులొచ్చి హన్నెకెనీ పడవవాళ్ళనీ తీసుకెళ్ళాక వైబె గంట విప్పి ఫిల్ము చూసుకుని, ఫోన్ బూత్‌లోంచి హేగ్‌కి చేసి సంగతి చెప్పాడు.

"శభాష్!" అన్నాడు తెర్ హార్. "ఏం కావాలో అడుగు."

"డౌవె ఫైలు తెరవండి. 'తాగి' అన్న మాట మీ చేత్తోనే కొట్టెయ్యండి."

అటునుంచి సొరుగు లాగిన చప్పుడు. "కొట్టేస్తాను. ఇంకేమైనా?"

"రేపట్నుంచి ఆఫీసులో అందర్నీ ఒకసారి సైకిలెక్కించి చూడండి సార్. ముందు మీరు ఎక్కండి."