తాడుకి అవతల కూతురు

"ఇంకెన్నిసార్లు చెప్పాలి గెరార్డ్! ఆ బోర్డు పీకెయ్... నీకు పుణ్యముంటుంది, పీకెయ్!"

గుమ్మంలోంచి భార్య లొరేన్ అరిచింది. గెరార్డ్ తల ఎత్తలేదు. ఇంటి ముందు పచ్చికలో మోకాలు ఆనించి, సుత్తితో బోర్డు కాలుని నేలలోకి దిగేస్తున్నాడు. 'మన ఊరిని మన ఊరిలా ఉండనివ్వండి! ఏడో అంశం వద్దనండి!' అని ఎర్రటి అక్షరాలు. ఆ వీధిలో అలాంటి బోర్డు లేని ఇల్లు తమదొక్కటే అని నిన్న చెల్లెలు క్లోదెట్ దెప్పిందిట. అంతే, ఈ పొద్దున్నే పౌరుషం పొడుచుకొచ్చింది.

"నీ కూతురు రేపు వీధిన పడుతుందయ్యా! అది గుర్తుందా నీకు?"

"వీధిన ఎందుకు పడుతుంది? మనింటికి రమ్మను. దాని గది దానికుంది. నేనేమైనా కాదన్నానా?"

కాదనలేదు! నిజమే, నోటితో కాదనలేదు. నాలుగేళ్ల కిందట విడాకులయ్యాక సిమోన్ పసిదాన్ని చంకనేసుకుని ఆ గదిలోకే వచ్చింది. ఏడాదిపాటు ప్రతి సాయంత్రం భోజనాల బల్ల దగ్గర గెరార్డ్ ఆమెకు వడ్డించింది కూర కాదు, ఎత్తిపొడుపు. మొగుణ్ణి నిలుపుకోలేకపోయావన్నాడు, మా రోజుల్లో ఇలా లేదన్నాడు. చివరికి ఒకనాడు సిమోన్ పళ్లెం పక్కకి తోసి, "నాన్నా, నాకు జాలి వద్దు. నేను తాళం వేసుకునే తలుపొకటి కావాలి" అని లేచిపోయింది. అప్పటినుంచి యాభై నిమిషాల దూరంలో, వేరే ఊళ్లో, బట్టలుతికే దుకాణం పైన రెండు గదుల్లో ఉంటోంది. ఆ ఇల్లు ఇప్పుడు అమ్ముడుపోయింది. జూన్ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి.

సిమోన్ చేసే పని ఈ హోబార్ట్‌ఫీల్డ్ ఊరి స్కూలు బస్సు నడపడం. తెల్లవారకముందే లేచి, తన పిల్లని నిద్రమత్తులోనే కారులో పడేసుకుని వచ్చి, ఈ ఊరి పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి ఎక్కించుకుంటుంది. ఈ ఊళ్లోనే పుట్టింది. కానీ ఈ ఊళ్లో ఉండటానికి ఆమెకి చోటు లేదు! ఒక స్థలం, ఒక ఇల్లు, ఒక కుటుంబం, అదీ ఇక్కడి చట్టం. అంత ఇల్లు కొనగలిగిన మారాజులు బస్సు నడపరు, బస్సు నడిపేవాళ్లు కొనలేరు.

శనివారం ఊరి సభలో ఓటుకొచ్చే ఏడో అంశం అంటే ఏమీ లేదు. రైలు స్టేషన్ దగ్గర చర్చిని ఆనుకుని, సిస్టర్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన మూడంతస్తుల మఠం పన్నెండేళ్లుగా పావురాల పాలైంది. దాన్ని పద్దెనిమిది వాటాలు చెయ్యాలి. చుట్టూ ఉన్న నాలుగు వీధుల్లోనూ ఒక్కో ఇంట్లో మూడు కుటుంబాల వరకూ ఉండనివ్వాలి. మఠంలో ఆరు వాటాలు ఊరికి పనిచేసేవాళ్లకి. ఆ జాబితాలో సిమోన్ పేరు మూడోది! గోడలున్నాయి, కప్పుంది, సెప్టెంబరుకి గదులు సిద్ధం. "వేసవి మూడు నెలలూ నాన్న మాటలు ఎలాగో ఓర్చుకుంటానమ్మా. ఆ తర్వాత నా తలుపు నాకుంటుంది" అంది సిమోన్. అంశం నెగ్గకపోతే ఒహాయోలో స్నేహితురాలు చూసిపెట్టిన ఉద్యోగానికి వెళ్లిపోవాలి. రెండు రోజుల ప్రయాణం అవతలికి!

"మన అమ్మాయి కోసం ఒక్క చెయ్యి ఎత్తు గెరార్డ్... ఒక్క చెయ్యి!"

గెరార్డ్ సుత్తి పక్కన పెట్టాడు. "ముప్పై ఎనిమిదేళ్లు కరెంటు స్తంభాలెక్కి ఈ ఇల్లు కొన్నాను. నా పక్కన ఎవరు పడితే వాళ్లొచ్చి దిగడానికా? ఒక్క సిమోన్ కాదు, దాని వెనకాల ఎవరెవరొస్తారో నీకేం తెలుసు?"

ఎదురింటి మెట్ల మీదనుంచి క్లోదెట్ అందుకుంది. "బాగా అడిగావు అన్నయ్యా! ఆ మఠం కిటికీలన్నీ నా పెరట్లోకే. పద్దెనిమిది కుటుంబాలు నా ఒంటిమీద బట్టలు లెక్కపెడుతూ కూచుంటాయి."

"నీ పెరట్లో చూడటానికి ఏముంది క్లోదెట్, ఆ ప్లాస్టిక్ కొంగ తప్ప!" అని తలుపు ధడాలున వేసుకుంది లొరేన్. లోపలికెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

* * *

శనివారం పొద్దున తొమ్మిదింటికి హైస్కూలు ఆటల హాలులో ఊరి సభ. ఈ ఊళ్లో ఎన్నుకున్న పెద్దలు చట్టం చెయ్యరు. ఓటున్న ప్రతివాడూ వచ్చి కూర్చుని తనే చేస్తాడు. గుమ్మంలో పేరు చూసి నారింజరంగు అట్టముక్క చేతికిస్తారు. అదుంటే మనిషి, లేకపోతే లేదు.

లొరేన్‌కి అట్ట ఇచ్చారు. గెరార్డ్‌కి, క్లోదెట్‌కి ఇచ్చారు. వెనకాల సిమోన్ నిలబడింది, బస్సు కోటుతోనే. బల్ల దగ్గరున్న అమ్మాయికి పద్దెనిమిదేళ్లుంటాయి. ఆరేళ్లు సిమోన్ బస్సులో బడికి వెళ్లిన పిల్ల!

"మిస్ సిమోన్... మీరు అటు కూర్చోవాలండి" అని తల దించుకుని మూల చూపించింది.

బాస్కెట్‌బాల్ బుట్ట కింద పది ఇనప కుర్చీలు. వాటి ముందు అడ్డంగా ఒక తాడు. తాడుకి కాగితం: 'ఓటు లేనివారు'. పుట్టిన ఊళ్లో, చదువుకున్న బడిలో, సంతలో పశువుకి కట్టినట్టు తన కూతురికి అడ్డంగా తాడు కట్టారు! లొరేన్ గుండెలో ఏదో తెగింది. ఏడుపు రాలేదు. ఆ తర్వాత చాలాసేపు రాలేదు.

ఒక్కొక్కళ్లూ మైకు దగ్గరకొచ్చి మాట్లాడారు. ఒకాయన కార్లు పెరుగుతాయన్నాడు. ఒకావిడ బడి ఇరుకైపోతుంది, నీళ్లు చాలవు అంది. ఇంకొకాయన, కళ్లజోడు సర్దుకుని, మూడంతస్తుల నీడ తన టమాటా మొక్కల మీద పడుతుందన్నాడు. ఆ మఠం వాళ్ల తాతల నాటినుంచీ అక్కడే ఉంది. నీడ కూడా అప్పటినుంచీ పడుతూనే ఉంది. ఆ సంగతి ఎవడూ అనలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

సభ నడిపే ప్రౌటీ ముసలి లాయరు. కాగితం చూసి గొంతు సవరించుకున్నాడు. "ఓటు లేని ఒకావిడ మాట్లాడతానంటోంది. మన కట్టుబాటు తెలుసుగా. సభలో ఒక్కరికి అభ్యంతరమున్నా అనుమతించను. ఎవరికైనా ఉందా?"

సిమోన్ తాడు పట్టుకుని లేచి నిలబడింది. చేతిలో మడతపెట్టిన కాగితం.

"నాకుంది."

గెరార్డ్ గొంతు! పక్కకి తిరిగిన లొరేన్‌కి నమ్మకం కలగలేదు. తన మొగుడే, లేచి నిలబడి, నారింజ అట్ట పైకెత్తి ఉన్నాడు! "నాకభ్యంతరం. ఊరి విషయం ఊరివాళ్లే మాట్లాడుకోవాలి."

సిమోన్ కాగితాన్ని ఇంకో మడత పెట్టింది, ఇంకో మడత పెట్టింది, మెల్లగా కూలబడింది.

లొరేన్ ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. వరసలో కాళ్లు తొక్కుకుంటూ బయటికొచ్చి, తిన్నగా తాడు దగ్గరికెళ్లి కూతురి చేతిలోంచి ఆ కాగితం లాక్కుని మైకు ముందు నిలబడింది.

"నా పేరు లొరేన్ థిబో. నాకు ఓటుంది. ఎవడు ఆపుతాడో ఆపండి!"

"మూడు నిమిషాలమ్మా" అన్నాడు ప్రౌటీ బెదురుగా.

కాగితం విప్పింది. 'నేను ఈ ఊరి పిల్లల్ని తొమ్మిదేళ్లుగా...' అని మొదటి మాట చదవగానే అక్షరాలు అలుక్కుపోయాయి. కాగితం మూసేసి మొగుడివైపు తిరిగింది.

"గెరార్డ్! నువ్వు మనిషివేనా..."

"అమ్మా! సభలో ఏం చెప్పినా అధ్యక్షుడికే చెప్పాలి. భర్తతో నేరుగా మాట్లాడకూడదు. నియమం."

"అలాగా! నియమమా! అయితే అధ్యక్షా, మీరే చెప్పండి ఆయనకి!" లొరేన్ ప్రౌటీ వైపు తిరిగింది. వేలు మాత్రం మొగుడి మీదే ఉంది. "ఆయన పుట్టింది మిల్లు వీధిలో మూడు వాటాల చెక్క ఇంట్లో, నడిమి అంతస్తులో. ఆయనకి గొంతువాపొచ్చి ఊపిరాడకపోతే దుప్పట్లో చుట్టి డాక్టరు దగ్గరికి పరిగెత్తింది పై వాటా ఆవిడ. ఆవిడకి ఇంగ్లీషు రాదు, పోలండునుంచి వచ్చింది. ఆవిడ పైన లేకపోతే ఈయన ఇవాళ అట్ట ఎత్తడానికి ఉండేవాడే కాదు! చెప్పండి అధ్యక్షా!"

ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. గెరార్డ్ ముఖం కందగడ్డయింది.

"నలభైమంది సిస్టర్లు ఆ మఠంలో ఉన్నన్నాళ్లూ ఈ ఊరు మునగలేదేం? నలభైమంది! అప్పుడు నీళ్లు చాల్లేదా? నీడ పడలేదా? మా ఆడపడుచు క్లోదెట్ పెరడు అప్పుడు కనపడలేదా? దేవుడి మనుషులైతే పరవాలేదు, బస్సు నడిపే మనిషైతే ఊరి తీరు చెడిపోతుందా! అధ్యక్షా, ఈ హాల్లో చప్పట్లు కొట్టిన ప్రతి తల్లీ రోజూ పొద్దున తన కన్నబిడ్డ చెయ్యి నా కూతురి చేతిలో పెడుతుంది. పిల్లల్ని నమ్మి ఇస్తారు, పక్కింట్లో ఉండనివ్వరు. ఇదేం న్యాయం? మీలో సిగ్గున్నవాళ్లు..."

"టైమయిందమ్మా."

"అయింది. మీ అందరికీ ఎప్పుడో అయిపోయింది!"

అట్టలెత్తించారు. తేలలేదు. మూడింట రెండొంతులు కావాలి కాబట్టి నిలబెట్టి లెక్కించాలన్నాడు ప్రౌటీ. ముందు కావాలన్నవాళ్లు. లొరేన్ నిలబడింది. పక్క కుర్చీలో గెరార్డ్ చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకుని నేల చూస్తున్నాడు. లెక్కపెట్టేవాళ్లు వరసవరసా నడిచి దాటిపోయారు.

"వద్దన్నవాళ్లు లేవండి."

గెరార్డ్ వెంటనే లేవలేదు. తల తిప్పి తాడు వైపు చూశాడు. సిమోన్ కూడా చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, ఆశ ఉంది! పిచ్చిపిల్ల, ఇంకా ఆశపడుతోంది! "నాన్నా, కూర్చునే ఉండు" అని పెదవులు కదిలినట్టే అనిపించింది లొరేన్‌కి. ఒక్క క్షణం... గెరార్డ్ భుజాలు సడలాయి. అంతలో వెనక వరసలోంచి క్లోదెట్ అతని చొక్కా పట్టి లాగింది. "లే అన్నయ్యా! అందరూ చూస్తున్నారు."

అందరూ చూస్తున్నారు. అంతే! కూతురు చూస్తోందన్నది లెక్కలోకి రాలేదు. గెరార్డ్ లేచి నిలబడ్డాడు.

కావాలన్నవాళ్లు నాలుగువందల పన్నెండు. వద్దన్నవాళ్లు రెండువందల తొమ్మిది. కావలసింది నాలుగువందల పద్నాలుగు.

"ఏడో అంశం వీగిపోయింది" అన్నాడు ప్రౌటీ.

రెండు. ఇటున్న రెండు అటు పడితే చాలు! లొరేన్ ముందు మొగుణ్ణి చూసింది, తర్వాత ఆడపడుచుని చూసింది. లెక్క ఇద్దరికీ అందింది. క్లోదెట్ సంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టింది.

బయట గెరార్డ్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కు లొరేన్. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఎవరింటికి?"

"లొరేన్... రెండే ఓట్లని నాకేం తెలుసు? ఎలాగూ ఓడిపోతుందనుకున్నాను. సిమోన్‌ని రమ్మను. దాని జోలికి రాను, ఒట్టు. ఒక్క మాట అనను..."

సిమోన్ తన పాత కారు పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. "వద్దు నాన్నా. నన్ను మాట్లాడనివ్వనిది నువ్వు. ఇప్పుడు నువ్వు మాట్లాడకుండా ఉంటానంటే నాకేం ఒరిగింది? అమ్మా, వెళ్లు. ఆయన మందులు ఎవరిస్తారు?"

"ఆయనకి ఊరుంది. ఊరే ఇస్తుంది" అంది లొరేన్. కూతురి కారెక్కి తలుపు వేసుకుంది.

* * *

బడి చివరి రోజున పిల్లలు సిమోన్‌కి బొమ్మలు గీసిన అట్టలిచ్చారు. తల్లులు కౌగిలించుకుని, మిమ్మల్ని మరిచిపోలేమని ఏడ్చారు. ఆ ఏడ్చినవాళ్లలో ఎంతమంది ఆ శనివారం వద్దంటూ లేచి నిలబడ్డారో సిమోన్ అడగలేదు. లొరేన్ అయితే మొహాన్నే అడిగేది.

ఆగస్టులో ఒహాయోలో వాళ్లకి దొరికిన ఇల్లు ఇరవైనాలుగు వాటాల భవనంలో రెండో అంతస్తు. ముగ్గురికి రెండు గదులు. లొరేన్‌కి అరవైమూడేళ్లు. తనని 'మెమే' అని పిలిచే మనవరాలు మార్గో పక్కలో సర్దుకుని పడుకుంటోంది. నడుము పట్టేస్తోంది. అయినా తాళంచెవి ఇచ్చిన రోజున సిమోన్ తలుపు వేసి, తీసి, మళ్లీ వేసి పిచ్చిదానిలా నవ్విన నవ్వు చూశాక, ఆ నడుము నొప్పి గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగింది. గెరార్డ్.

"బోర్డు పీకేశానే" అన్నాడు. "అక్టోబరు సభలో మళ్లీ పెడతారట. ఈసారి నేను..." మాట మార్చాడు. "సిమోన్ వస్తుందా?"

"ఉద్యోగంలో చేరింది. పిల్లని బడిలో చేర్పించింది. ఇంక ఎక్కడికొస్తుంది గెరార్డ్?"

లొరేన్ కళ్లు మండాయి. ముప్పై తొమ్మిదేళ్ల కాపురం... కానీ మనసు కరగలేదు. ఇంకా కరగదు. పైన ఎవరివో పిల్లలు దబదబా పరిగెత్తారు. గోడవతల ఎవరో సామాను దించుతున్నారు. మార్గో తలుపు తీసి, "మెమే! పక్కింటావిడ కోడిగుడ్డుంటే ఒకటిమ్మంటోంది!" అని కేకేసింది.

"ఏమిటే ఆ గోల?" అన్నాడు గెరార్డ్. "నీ చుట్టూ ఏమిటా చప్పుడు?"

"మనుషులు గెరార్డ్!" అంది లొరేన్. ఫోను బల్లమీద పెట్టి, గుడ్డు తియ్యడానికి వెళ్లింది.