ఓనరు: రాజ్యశ్రీ

ఆదివారం గవర్నర్‌పేటలో షట్టర్లన్నీ దించి ఉంటాయి. మిగతా ఆరు రోజులూ ఆటోల మధ్య అడుగు తీసి అడుగు వెయ్యలేని మా వీధిలో ఆ రోజు నా చెప్పుల చప్పుడు నాకే వినపడింది. జూలై ఇరవై. ఇంకా మూడు కూడా కాలేదు గానీ మబ్బు పట్టి సాయంత్రంలా ఉంది. బట్టల హోల్‌సేల్ కొట్టు పైన మూడో అంతస్తు మా ఆఫీసు. లిఫ్టు లేదు. తాళం నేనే తీశాను, లైట్లు నేనే వేశాను, లోపల నుంచి గడియ కూడా నేనే పెట్టుకున్నాను. లోపల ఇంకెవరూ లేరని మీరు నమ్మాలి కాబట్టి ఇంత వివరంగా చెప్తున్నాను.

మాది నీళ్లు పరీక్షించే సంస్థ. కాలవ నీళ్లతో నింపుకునే ఊరి మంచినీళ్ల చెరువుల నుంచి సీసాల్లో నీళ్లు తెచ్చి, తాగొచ్చో లేదో తేల్చి చెప్తాం. ఆ ఫలితాలన్నీ క్లౌడ్‌లో, అంటే ఎక్కడో అద్దెకు తీసుకున్న కంప్యూటర్లలో, ఒక పెద్ద గిడ్డంగిలో ఉంటాయి. ఆ గిడ్డంగిని చూసుకునే పని నాది. నా పేరు నఫీసా.

మాకు కొత్త పని ఇవ్వబోతున్న హైదరాబాదు కంపెనీ ఒక షరతు పెట్టింది. మా గిడ్డంగిని వాళ్ల కేటలాగ్‌కి కలపాలట. కేటలాగ్ అంటే పెద్ద విద్యేం కాదు. వంటింట్లో డబ్బాల మీద చీటీలు అంటిస్తాం చూడండి, అలాంటిది. మూత తియ్యకుండానే ఏ టేబుల్, అంటే లెక్కల పట్టిక, పేరేంటి, అందులో ఎన్ని వరసలున్నాయి, దాని ఓనరెవరు, ఎవరు ఎప్పుడు ముట్టుకుని ఏం మార్చారు అన్నీ చెప్పేస్తుంది. ఓనరు పేరు లేకపోతే మాత్రం ఊరుకోదు.

శనివారం సాయంత్రం మా డైరెక్టరు లక్ష్మీకాంత్ గారు నన్ను తన గదిలోకి పిలిచారు.

"నఫీసా గారూ, ఎవరేం మార్చారన్న చరిత్ర ఉంటుంది కదా, ముప్పై రోజులది లాగితే చాలండి. పాత చెత్తంతా వాళ్లకెందుకు? నీటి ఫలితాల టేబుల్‌కి ఓనరుగా రాజ్యశ్రీ పేరు పెట్టెయ్యండి."

"సార్, ఆమె చనిపోయింది కదండీ."

"అందుకేనమ్మా. రేపు ఎవరన్నా ఏదన్నా అడిగితే మనం జవాబు చెప్పక్కర్లేదు. చచ్చిపోయినవాళ్లు వచ్చి కాదనరుగా."

మా ఆఫీసులో ఇది కొత్తేం కాదు. ఎవరికీ అక్కర్లేని టేబుళ్లు, తేడా వస్తే మెడకు చుట్టుకునే టేబుళ్లు, అన్నీ ఏడాదిగా రాజ్యశ్రీ పేరు మీదే పడుతున్నాయి. దానికోసమే ఆమె లాగిన్ తియ్యలేదు, ఆమె మెయిలూ మూసెయ్యలేదు. నేను కూడా రెండు పెట్టాను. సిగ్గుగానే చెప్తున్నాను.

రాజ్యశ్రీ, మా రాజీ, నా పక్క సీటు. పామర్రు పిల్ల. నీళ్ల సీసాల పెట్టె స్కూటీ మీద పెట్టుకుని ఊళ్లు తిరిగేది, సాయంత్రం వచ్చి ఫలితాలు ఎక్కించేది. ఆమె వస్తుంటే ముందు క్లోరిన్ వాసన, వెనకే పెట్టెలో సీసాలు ఒకదానికొకటి తగిలే చప్పుడు. కిందటేడాది జూలై పద్దెనిమిదిన వానలో స్కూటీతో సహా కాలవలో పడిపోయింది. సీసాలు ఒక్కటీ పగలకుండా దొరికాయి.

అది జరిగిన వారానికి ఒక ఊళ్లో పదకొండు మంది వాంతులతో ఆసుపత్రిలో చేరారు. శౌరమ్మ అనే ముసలావిడ బతకలేదు. ఆ చెరువు నీళ్లు తాగొచ్చని మా రిపోర్టు. ఎక్కించింది రాజ్యశ్రీ లాగిన్. "పాపం, చనిపోయిన పిల్ల, ఏదో పొరపాటు చేసింది" అన్నారు లక్ష్మీకాంత్ గారు అందరి ముందూ. రాజీ వాళ్లమ్మ వెంకటరావమ్మ గారు ఆఫీసుకి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. "మా అమ్మాయి అట్టా రాసే మనిషి కాదమ్మా. పక్కనే ఉన్నదానివి, నువ్వన్నా చెప్పు." నేను కంప్యూటర్ వంక చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఆఫీసు నీళ్లు నా గొంతు దిగవు. ఇంటి నుంచే సీసా తెచ్చుకుంటాను.

సరే, ఆదివారం సంగతికి వస్తాను. కేటలాగ్‌కి గిడ్డంగి అడ్రసు ఇచ్చాను, చదవడానికి మాత్రం అనుమతి ఇచ్చాను, పరీక్ష నొక్కాను. కనెక్షన్ కుదిరింది. చరిత్ర ఎన్ని రోజులు అన్న చోట 30 వేశాను. ఓనరు దగ్గర రాజ్యశ్రీ అని కొట్టాను. "ఓనరు అంగీకారం కోసం మెయిల్ పంపాం" అని వచ్చింది. ఎవరూ చూడని మెయిలు. ఏడు రోజులు చూసి దానంతటదే ఒప్పుకున్నట్టు లెక్కేసుకుంటుంది.

నేను మంచినీళ్ల సీసా మూత తీసేలోపు తెర మీద కొత్త మాట వచ్చింది.

"రాజ్యశ్రీ అంగీకరించారు."

ఎవడో ఆమె మెయిలు తెరిచి ఆటలాడుతున్నాడనుకున్నాను. ఒళ్లు మండింది. సోమవారం వాడెవడో తేల్చి నలుగురిలో కడిగెయ్యాలనుకుని మళ్లీ పనిలో పడ్డాను. అప్పుడు చూశాను. 30 ఉండాల్సిన చోట 365 ఉంది.

దాన్ని చెరిపి 30 వేశాను. తెర ఒకసారి మెరిసింది. మళ్లీ 365.

కరెంటు పోయింది. ఇన్వర్టరు కుయ్యిమని అందుకుంది. కిటికీ అవతల వాన మొదలైంది. ఆ వాన వాసనలో... ఇంకో వాసన. పల్చగా. ముక్కు లోపల గుచ్చుకునేలా. క్లోరిన్.

మా ల్యాబు ఇక్కడ లేదు. ఆటోనగర్‌లో ఉంది.

తర్వాత చప్పుడు. టింగ్... టింగ్... గాజుకి గాజు తగిలినట్టు. మెట్ల మీద కాదు. గదిలోనే. తాగే నీళ్ల క్యాను ఉన్న మూల నుంచి.

భయమేస్తే చదువుకునే ఖురాన్ వాక్యం, ఆయతుల్ కుర్సీ చదవబోతే సగంలో మాటలు తప్పాయి. చిన్నప్పటి నుంచి నోటికొచ్చింది... తప్పాయి. తల తిప్పలేదు. తిప్పలేకపోయాను.

"రాజీ..." అన్నాను మెల్లగా. "నువ్వేనా?"

చప్పుడు ఆగింది.

భయానికి కూడా ఒక హద్దుంటుందేమో, అది దాటాక నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. "ఏంటే, నన్ను భయపెట్టడానికొచ్చావా?" అన్నాను, ఈసారి కొంచెం గట్టిగానే. "మీ అమ్మ అడిగితే నోరు మూసుకున్నది నేనే. దానికి ఏం చేస్తావో చెయ్యి. కానీ ముందు నీకేం కావాలో చెప్పు."

తెర మీద 365 పక్కన గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.

సరే అనుకుని నేనే "నమూనా చూపించు" నొక్కాను. గిడ్డంగిలో ఎవరు ఏం మార్చినా అది తనంతట తానే రాసుకుంటుంది. ఆ రాతను మేం చెరపలేం, డైరెక్టరు గారు కూడా చెరపలేరు. కానీ సరిగ్గా ఏడాది దాటితే రాలిపోతుంది. ఇంకా రాలని వాటిలో అన్నిటికంటే పాతది తెర మీద పైకొచ్చింది.

కిందటేడాది జూలై 20, సాయంత్రం 5 గంటల 10 నిమిషాలు. లాగిన్: రాజ్యశ్రీ. ఆ ఊరి చెరువు. "తాగకూడదు" తీసేసి "తాగొచ్చు" అని మార్పు.

జూలై ఇరవై... ఆ రోజు రాజీ చిన్నకర్మ. ఆఫీసంతా పామర్రులో ఉంది. రాజీ ఫొటోకి వేసిన దండ సరిచేసింది నేను. రాని మనిషి ఒక్కరే. ఏదో మీటింగ్ ఉందన్నారు. కింది గడిలో ఏ కంప్యూటర్ నుంచి మార్చారో కూడా ఉంది. డైరెక్టరు గదిలోది.

గోడ గడియారం నాలుగూ ఇరవై. ఇంకో యాభై నిమిషాలైతే ఈ వరస ఉండదు. ఆయన ముప్పై రోజులు చాలన్నది ఇందుకా! 365ని అలాగే ఉంచి "లాగు" నొక్కాను. ఒక్కసారి వాళ్ల కేటలాగ్‌లో పడితే ఇక మావాళ్ల చేతిలో ఏమీ ఉండదు. నలభై నిమిషాలు పడుతుందని చూపించింది.

పది నిమిషాలకి తలుపు బాదారు. గడియ తీశాను. లక్ష్మీకాంత్ గారు తడిసి ముద్దయి ఉన్నారు. 365 అన్న మాట ఆయనకి మెయిల్లో వెళ్లి ఉంటుంది. మూడంతస్తులు పరుగున ఎక్కొచ్చారేమో, మాట రాక క్యాను దగ్గరికి వెళ్లి గ్లాసు నింపుకుని గటగటా తాగారు. రెండో గ్లాసు కూడా.

"ఆపెయ్యండి."

"ఆపనండి."

"మీకు అర్థం కావట్లేదు నఫీసా గారూ..."

"ఇందాకే అర్థమైందండి. చిన్నకర్మ రోజు మీరెక్కడున్నారో కూడా అర్థమైంది."

ఆయన వంగి నా కంప్యూటర్ ప్లగ్గు పీకేశారు. నాకు నవ్వొచ్చింది, అంత భయంలోనూ. "అది మిక్సీ కాదు సార్, ప్లగ్గు పీకితే ఆగడానికి. పనంతా అక్కడెక్కడో జరుగుతోంది."

తన ఫోన్ తీసి కేటలాగ్ తెరిచారు. వేళ్లు జారుతున్నాయి. "రద్దు చెయ్యి" నొక్కారు. ఆయన భుజం మీదుగా నేనూ చూశాను. "రద్దు చెయ్యడానికి టేబుల్ ఓనరు అనుమతి కావాలి. ఓనరు రాజ్యశ్రీకి మెయిల్ పంపాం."

గదిలో క్లోరిన్ వాసన ఒక్కసారిగా కళ్లు మండేంత ఎక్కువైంది. టింగ్... ఈసారి ఆయనా విన్నారు.

ఫోన్ వెలిగింది.

"రాజ్యశ్రీ తిరస్కరించారు."

మళ్లీ నొక్కారు. తిరస్కరించారు. మళ్లీ. తిరస్కరించారు.

"ఎవరు..." గుసగుసగా అన్నారు. "ఎవరమ్మా ఆ మెయిలు చూస్తున్నది?"

"ఓనరే చూస్తోంది సార్. మీరు పెట్టిన ఓనరే."

ఆయన వెళ్లిపోయారు. మెట్ల మీద ఆయన బూట్ల చప్పుడు దిగుతుంటే, ఆ వెనకే... ఒక్కో మెట్టుకీ ఒక్కోసారి... టింగ్. టింగ్. కిందిదాకా వెళ్లి వానలో కలిసిపోయింది. గదిలో వాసన పోయింది. ప్లగ్గు మళ్లీ పెట్టి చూస్తే పని పూర్తయింది. టైం ఐదూ ఐదు.

మంగళవారం ఆ పేజీ ప్రింటు తీసుకుని పామర్రు వెళ్లాను. వెంకటరావమ్మ గారు చదివి వినిపించమంటే చదివాను. చివరిదాకా విని, "ఇది చెప్పటానికి ఏడాది పట్టిందా అమ్మా?" అంది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. హైదరాబాదు వాళ్లు ఆ పేజీని ఎక్కడికి పంపాలో అక్కడికి పంపారు. నోరు మూసుకోమని నాకు రెండు ఫోన్లు వచ్చాయి. ఒకసారి మూసుకున్నాను, చాలు. ఇంకోసారి మూసుకోను.

అంతటితో అయిపోతే బాగుండేది. ఇక ఎవరూ ముట్టకుండా మేం సీలు వేసిన నీటి ఫలితాల టేబుల్లో వరసలు పెరుగుతున్నాయని కేటలాగ్ చూపించింది. రోజుకొకటి. మూత తీసి చూశాను. మొదటిది జూలై 20, మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలు. చోటు: గవర్నర్‌పేట ఆఫీసు, తాగే నీళ్ల క్యాను. తెచ్చినవారు: రాజ్యశ్రీ. ఫలితం: తాగకూడదు. ఆయన రెండు గ్లాసులు తాగిన క్యాను అదే. తర్వాతి రోజు లక్ష్మీకాంత్ గారి ఇల్లు, వంటగది ఫిల్టరు. ఆ తర్వాత ఆయన కారులో సీసా. తర్వాత ఆసుపత్రి, మంచం పక్క గ్లాసు. అన్నిటికీ ఒకటే ఫలితం. దాహం దాహం అంటూనే గ్లాసు చూస్తే మొహం తిప్పుకుంటున్నారట, ఇప్పుడు సెలైను మీద ఉన్నారట.

ఆ వరసలు తీసెయ్యమని పైవాళ్లు అంటున్నారు. ఓనరు ఒప్పుకుంటే తీస్తానని చెప్పాను.

ఈ రోజు పొద్దున్న ఇంకో వరస వచ్చింది. టైం తెల్లవారుజామున నాలుగు. చోటు: వించిపేట, నఫీసా ఇల్లు, వంటగది బిందె. ఫలితం: తాగొచ్చు.

రాత్రి వీధి తలుపుకి గడియ పెట్టింది నేనే. పొద్దున్న తీసిందీ నేనే. చాలాసేపు బిందె ముందు నిలబడ్డాను. తర్వాత గ్లాసు ముంచుకుని, కూర్చుని, బిస్మిల్లా అనుకుని మూడు గుక్కల్లో తాగేశాను. రాజీ తాగొచ్చంటే తాగొచ్చు.

నీళ్లు క్లోరిన్ వాసన వేశాయి. మాది బోరు. అందులో ఎవరూ ఏమీ కలపరు.