ఇరవై ఏడో గుండె

చేటలో బియ్యం పరుచుకుని పైడితల్లి కుడిచేత్తో రాళ్లు ఏరుతోంది. ఎడమచెయ్యి కదలకూడదు. ముంజేతికున్న నాడికడియం కింద ఇరవై రెండో గుండె కొట్టుకుంటోంది. కాస్త బరువుగా ఉన్నా సక్రమంగానే ఉంది. రెండు నిమిషాలకి అది పోయి ఇరవై మూడోది వచ్చింది. ఆవిడది పిట్ట గుండె. నాలుగు మెట్లెక్కితే చాలు, గింజలు పొడిచినట్టు టకటకమంటుంది.

ఆరు నుంచి పది వరకు నడకవేళ. హృదయకేంద్రం ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపిన వాళ్లంతా ఆ వేళకి ఛాతీకి పట్టీ బిగించుకుని నడకబాట మీదికి వస్తారు. ఎనభై నాలుగు రోజులు నడవాలి, ఎవరికి వారే. మాట్లాడితే ఊపిరి మారి లెక్క చెడుతుందని బాట మీద మాటలు నిషేధం. ముప్పై ఆరు మందికి ఒక నాడికాపరి. ఆ కాపరి ఎక్కడో తన ఇంట్లో కూర్చుని ముంజేతితో వింటుంది. వాళ్ల మొహాలు చూడదు. వాళ్లతో ఆమె మాట్లాడదగ్గవి పదకొండు వాక్యాలు. పన్నెండోది నోటి నుంచి వచ్చినా కేంద్రం మధ్యలోనే పట్టేసుకుంటుంది, అవతలికి చేరదు. అవతలి వాళ్లు ఎంతైనా మాట్లాడవచ్చు. కేంద్రం అది వినదు. దానికి అంకెలు చాలు.

పైడితల్లి ఈ పనిలో చేరి మూడేళ్లయింది. ఇంట్లో ఆమె ఒక్కతే. పది దాటాక కడియం తీస్తే ముంజెయ్యి చల్లబడిపోతుంది, అంతసేపూ పట్టుకున్న చెయ్యేదో వదిలేసి వెళ్లినట్టు. ఆ తర్వాత వంట, స్నానం, కిటికీ. ఒక్కోరోజు సాయంత్రం దాకా ఆమె గొంతు ఆమెకే వినిపించదు.

ఇరవై ఏడో గుండె వచ్చింది. బియ్యంలో వేళ్లు ఆగిపోయాయి.

ఆ గుండె కుంటుతుంది. పది పన్నెండు దెబ్బలకోసారి ఒకటి తొందరపడి ముందే పడుతుంది, తర్వాత చిన్న ఖాళీ. గడప తగిలి తూలి, సర్దుకున్న మనిషిలా. డెబ్బై ఏడు రోజులు ఆ ఖాళీ కోసం ఆమె ముంజెయ్యి ఎదురుచూడటం నేర్చుకుంది. వారం నుంచి ఆ ఖాళీ లేదు. ఇవాళా లేదు. దెబ్బ నున్నగా, లేతగా పడుతోంది.

గోడలోంచి కేంద్రం మాట్లాడింది. "ఇరవై ఏడు. ఎనభై నాలుగో రోజు. తడబాటు పూర్తిగా పోయింది. అడుగులు లక్ష్యానికి రెట్టింపు. విడుదలకి కాపరి ధ్రువీకరణ కావాలి."

విడుదలంటే పట్టీ వెనక్కి పోతుంది, మాత్రలు సగమవుతాయి, ఆ గుండెని ఇక ఎవరూ వినరు. పైడితల్లి లైను తెరిచి ఒకటో వాక్యం అంది.

"నమస్కారం. ఎలా ఉన్నారు?"

"ఓలమ్మీ, నువ్వేనా! బాగున్నాను. టీ తాగుతున్నాను. నువ్వు తాగినావా?"

అంకెలతో పిలవాలన్న నియమం ఆ ముసలాయనకి మొదటిరోజే నచ్చలేదు. తన పేరు నూకయ్యనీ, ఊరు గుమ్మడివలసనీ, నీళ్ల ట్యాంకు వెనక నీలం తలుపు ఇల్లనీ, ఎప్పుడైనా వస్తే చోడి అంబలి పోస్తాననీ అడక్కుండానే చెప్పేశాడు. ఇప్పుడు గ్లాసు కింద పెట్టిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. పట్టీ మాత్రం ఆయన వాగు దాటి కొండవైపు చకచకా నడుస్తున్నాడంటోంది.

నాలుగో వాక్యం. "మీరిప్పుడు ఎక్కడ ఉన్నారు?"

"బాట మీదే."

ఐదో వాక్యం. "మీ పట్టీ సరిగ్గా బిగించి ఉందా?"

అవతల గ్లాసు పక్కకి జరిపిన చప్పుడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"తెలిసిపోనాదేటి నీకు? బిగించే ఉంది. మా దొరసానికి కట్టినాను. మేకమ్మా. పొద్దున్నే కొండకి అదే బాటమ్మట పోతాది, పదికి దానంతటదే ఒస్తాది. నాకంటే బుద్ధిమంతురాలు. నాలుక్కాళ్లు కదా, అడుగులు కూడా మీకు కలిసొచ్చినాయి."

పైడితల్లికి నవ్వొచ్చింది. పదకొండింటిలో నవ్వు లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కోపమొచ్చినాదేటి? సెప్తాను ఇను. యాభై రెండో రోజు గేపకముందా నీకు?"

ఉంది. ఆ రోజు ఆ ఖాళీలు వరసగా మూడు వచ్చాయి.

"వాగు దాటినాక నొప్పి ఎడంసేతిలోకి లాగింది. రాయి మీద కూకున్నాను. ఎదురొచ్చినోడొకడు నన్ను సూసి, తల ఒంచుకుని ఎల్లిపోనాడు. ఆడి తప్పేటుంది, మాటాడితే ఆడి లెక్క పోతాది. అప్పుడు సెవిలోకి నువ్వొచ్చినావు. ఏటన్నావో సెప్పనా?"

చెప్పక్కర్లేదు. అది ఆరో వాక్యం. నడక ఆగింది, దయచేసి కొనసాగించండి.

"లేసినాను. నడిసినాను. ఏటీ అవ్వలేదు. ఆ తరవాత నుంచి సెప్పులేసుకుంటే సాలు, కాళ్లొణుకు. ఇంకో ఇరవై ఐదు రోజులు అలాగే నెట్టుకొచ్చినాను, మరి నా వల్ల కాలేదు. సావంటే బయం కాదమ్మీ. ఆ బాట మీద ఒక్కడినే సావడమంటే బయం. పక్కన ఓ మనిసుంటే కొండైనా ఎక్కుతాను, నీ మీదొట్టు."

"ఇప్పుడు నొప్పి ఉందా, తాతా?" అంది పైడితల్లి.

చెవిలో సన్నటి చప్పుడై, ఆ మాట అక్కడే ఆగిపోయింది.

"అమ్మీ? ఉన్నావా? ... ఎల్లిపోనాదేటో."

లైను తెగింది.

"ఇరవై ఏడు. ధ్రువీకరణ. అవునా, కాదా?" అంది గోడ.

అవునంటే ఆయన నీలం తలుపు వెనక మిగిలిపోతాడు, కుంటే గుండెతో, సగం మాత్రలతో. కాదంటే కారణం చెప్పాలి. పట్టీ విషయంలో మోసానికి శిక్ష ఒకటే, శయ్యాలయం. అక్కడ మంచమే నాడి చూస్తుంది, మంచమే అన్నం పెడుతుంది. మూడేళ్లలో ఆమె విన్న గుండెల్లో నలుగురు అక్కడికి వెళ్లారు. ఒక్కరూ తిరిగి బాట మీదికి రాలేదు.

"అవునా, కాదా?"

ఆమె చేట పక్కకి జరిపింది. అప్పగింత మీట నొక్కింది. ఒక్కో గుండే ముంజేతి మీంచి పక్క కాపరికి వెళ్లిపోయింది, పిట్ట గుండెతో సహా. ధ్రువీకరణ మిగిలిన గుండె మాత్రం కదలదు. అది కడియంలోనే ఉండిపోయింది. కడియం ఊడదీసి బియ్యం మీద పెట్టింది. కొండెక్కుతున్న దొరసాని గుండె తట్టుకి చుట్టూ ఉన్న గింజలు సన్నగా అదిరాయి.

"కాపరి చేతికి కడియం లేదు. కారణం చెప్పండి."

గుమ్మడివలసకి తీగబండి మీద అరగంట. ఈ వేళప్పుడు బయట ఎండ ఎక్కడిదాకా వస్తుందో ఆమెకి గుర్తులేదు. మంచినీళ్ల సీసా నింపింది. గొళ్లెం తీసింది.

"కారణం నమోదు కాలేదు. ఇరవై ఏడు విడుదల కాలేదు. శయ్యాలయానికి తరలింపు కాలేదు. కారణం చెప్పండి."

మూడేళ్లుగా ఒకే స్వరంలో మాట్లాడిన గోడ మొదటిసారి ఒకే వాక్యాన్ని రెండుసార్లు మొదలుపెట్టి, మధ్యలో ఆగింది.

పైడితల్లి చెప్పులేసుకుంది. తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది.