బెట్పాక్-దలా యురేలైట్

ఖనిజశాస్త్రవేత్త షాకిర్‌ను ఆల్మా-అతా బజారులో పట్టపగలే కాల్చి చంపారు. బెట్పాక్-దలా ఎడారిలో పడ్డ ఉల్క ఆయన లేబొరేటరీలోంచి అప్పటికే మాయమైంది.

"రాయి కోసం మనిషిని చంపుతారా, కామ్రేడ్ కర్నల్?" అడిగాడు కెప్టెన్ దుయిసెన్.

"యురేలైట్." కర్నల్ సాపరోవ్ ఫైలు ముందుకు తోశాడు. "రాతి ఉల్కల్లో ఎకాండ్రైట్ తరగతి. మామూలు వాటిలో ఉండే గుండ్రటి గింజలు దీన్లో ఉండవు. ఆలివిన్ అనే పచ్చటి ఖనిజపు పలుకుల మధ్య కార్బన్, ఆ కార్బన్‌లో కంటికి ఆనని వజ్రాలు. హాల్డెన్ అనే విదేశీ గూఢచారి మూడింటి ఫ్లైట్‌లో దాటిస్తున్నాడు. వాడి దాకా తీసుకెళ్లేది జీబెక్."

"మన జీబెకా?"

"మనదీ, వాళ్లదీ. నమ్మకు."

ఎయిర్‌పోర్టులో దుయిసెన్ పోర్టరు వేషం వేశాడు. నక్కతోలు టోపీ పెట్టుకుని జీబెక్ సినిమాతారలా నడిచొచ్చింది.

"అన్నా, ఆపిళ్లు పండాయా?"

"పురుగు పట్టింది."

కోడ్ సరిపోయింది. లగేజి గదిలో ఆమె ఒక నల్లరాయి తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇదే అసలుది. నా పెట్టెలోది డూప్లికేట్, అది హాల్డెన్‌కిస్తా. దాంతో వాడి పైవాడి పేరు లాగుతా. వదులు, టైమైంది."

దుయిసెన్ ఆమె మణికట్టు వదల్లేదు. రాయిని బల్లమీద పెట్టి, పెన్నులో దాచిన రంపపు బ్లేడు తీసి దానిమీద గీశాడు.

"పిచ్చా నీకు? తలుపు అద్దంలోంచి హాల్డెన్ చూస్తున్నాడు!"

"ఒక్క నిమిషం."

బ్లేడు పళ్లు అరిగిపోయాయి. రాతిమీద గాటు కూడా పడలేదు. రాయి విరిగిన అంచున గుండ్రటి గింజ ఒక్కటీ లేదు.

ఆమె చెప్పింది నిజమే.

అతను చెయ్యి వదిలేలోపే తలుపు తెరుచుకుంది. సైలెన్సర్ చప్పుడు రెండుసార్లు. జీబెక్ అతని భుజంమీదికి ఒరిగింది.

"నమ్మొచ్చుగా, అన్నా..." అంది. అంతే.

హాల్డెన్ రాయి లాక్కుని పరుగెత్తాడు. విమానం మెట్లు జరిపేస్తుండగా దుయిసెన్ వాడి కాలు పట్టి కిందికి లాగాడు. రాయి రన్‌వే మీద దొర్లింది. పగల్లేదు.

వాడి పైవాడెవరో మాత్రం తెలియలేదు. హాల్డెన్ నోరు విప్పలేదు.

సాపరోవ్‌కి పతకం వచ్చింది. దుయిసెన్‌కి వారం సెలవు. ఆ రాయి ఏ జాతిదో అకాడమీ నాలుగు రోజుల్లో తేల్చేసింది. జీబెక్ ఎవరి మనిషో తేల్చడానికి వేసిన కమిటీ ఇంకా టీ తాగుతూనే ఉంది.