ఎవరూ తొక్కని పెడలు

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాతో నేను తారుమారు చేస్తానేమో. సిద్ధమ్మ నాకు చెప్పింది చెప్పినట్టు పెట్టాలనే చూస్తున్నాను. చోటు సంగతి మాత్రం ఎవరినడిగినా ఒకటే చెబుతారు — గుజ్జు షెడ్డు.

చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో, ఘాటు రోడ్డు ఎక్కకముందు, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. ఒకప్పుడు మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ. మూతబడి ఏళ్లయింది. తొక్కలు, టెంకలు, చెడిపోయిన గుజ్జు పారబోసిన గుంత మాత్రం వెనకాల అలాగే మిగిలిపోయింది. పైన అట్టకట్టి నేల మాదిరి కనిపిస్తుంది. కర్రతో పొడిస్తే బుడగ లేస్తుంది. వాన పడితే చాలు... కుళ్లూ పులుపూ తీపీ కలిసిన ఆ కంపుకు బస్సులో పోయేవాళ్లు కూడా ముక్కు మూసుకోవాల్సిందే.

ఆ గుంతలోనే వాచ్‌మన్ వెంకటేశ్వర్లు ఒక రాత్రి కాలుజారి పడ్డాడు. పొద్దున పైకి తీసేటప్పటికి ఒళ్లంతా ఈగలు. అప్పటినుంచీ చీకటి పడితే షెడ్డులో అడుగులు వినిపిస్తాయని చెప్పుకునేవాళ్లు. మామూలు అడుగులు కావు — బురదలోంచి కాలు లాగినట్టు... బంక బంకగా.

అట్లాంటి షెడ్డును తీసుకొని కారుకు ఇల్లు చేశాడు ప్రతాప్.

ప్రతాప్ వాళ్లది మామిడి తోటల కుటుంబం. అతనికి పాత కార్ల పిచ్చి. ఎప్పుడో మద్రాసు హార్బరులో దిగిన అమెరికా కారు ఒకటి కొని ఎర్ర రంగు కొట్టించాడు. బారెడు ముక్కు, లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజను. స్టార్టు చేస్తే పక్క చేలో పశువులు తలుగులు తెంపుకునేవి. ఇంటి దగ్గర చోటు చాలక షెడ్డులో పెట్టించాడు. దాన్ని తోలేది సుబ్రమణ్యం, మా సిద్ధమ్మ పెనిమిటి. వయసంతా లారీల మీదే గడిచినా, చక్రం కింద కోడిపిల్లను కూడా పడనీయని మనిషి.

వానలు తగ్గిన రోజుల్లో ఒక సాయంత్రం సుబ్రమణ్యం షెడ్డులో కారు స్టార్టు చేశాడు. గేరు వేసి, మెల్లగా క్లచ్ వదిలాడు. ఇంజను ఒక్కసారిగా గొంతు చించుకుంది... కారు ముందుకు దూకి గేటు స్తంభాన్ని గుద్దింది. ఆ స్తంభం పక్కనే ప్రతాప్ కూతురు ధరణి నిలబడి ఉంది. మోచేయి గీరుకుపోయింది. జానెడు ఇటయ్యుంటే పిల్ల దక్కేది కాదు.

"నేను తొక్కలేదప్పా. కాలు తీసేసినాను," అన్నాడు సుబ్రమణ్యం.

"తీసేసినావా, తీసేసినాననుకున్నావా మామా?" అన్నాడు ప్రతాప్.

మర్నాడు చిత్తూరు నుంచి మెకానిక్ గుణశేఖర్ వచ్చాడు. కాసేపు ఇంజను ఊరికే తిరగనిచ్చి, కారును ఘాటు దాకా తోలుకొని పోయి వెనక్కి తెచ్చాడు. మేకపిల్లలాగా పోయి వచ్చింది. కంపుకు ముక్కుకు గుడ్డ కట్టుకొని బానెట్టు ఎత్తాడు. ఆక్సిలరేటర్ పెడలు నుంచి కార్బొరేటర్ దాకా పోయే రాడ్డును వేలితో లాగి వదిలాడు. టక్కున వెనక్కి పోయింది.

"రాడ్డు బాగుండాది. పెద్దాయన కాలికే గ్రీసు పెట్టాల," అని నవ్వాడు.

ప్రతాప్ నవ్వలేదు. "రేపు పొద్దున వస్తాను, తాళంచెవి ఇచ్చేయ్ మామా."

ఊళ్లో జనం మాత్రం సుబ్రమణ్యాన్ని ఓదార్చారు. "నీ తప్పేముండాదన్నా, తొక్కింది వెంకటేశ్వర్లు. ఆడ తప్ప ఇంకేడన్నా ఎగిరిందా ఆ బండి?"

ఆ మాటే అతనికి ఆసరా అయింది. తొక్కింది దెయ్యమైనా కావాలి, తనైనా కావాలి. తనే తొక్కి... తొక్కిన సంగతే మరిచిపోయి ఉంటే? ఈ మధ్య ఒకరోజు అన్నం తిని చేయి కడుక్కొని, మళ్లీ వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. సిద్ధమ్మ నవ్వింది గానీ, అతనికి నవ్వు రాలేదు. దెయ్యమే అయితే బాగుండునని దేవుడికి మొక్కుకున్న మనిషి గురించి నేనెక్కడా వినలేదు. అతను మొక్కుకున్నాడు.

ఆ రాత్రి సిద్ధమ్మ నిద్రపోయాక తాళంచెవి తీసుకొని షెడ్డుకు పోయాడు.

రేకు తలుపు తోశాడు. కంపు మొహం మీద తడిగుడ్డలా పడింది. చెప్పులు నేలకు అంటుకుంటున్నాయి. చప్... చప్... తన అడుగులేనని తెలిసినా రెండుసార్లు ఆగి విన్నాడు. ఆగితే చప్పుడూ ఆగుతోంది. మంచిదో చెడ్డదో తేల్చుకోలేకపోయాడు.

కారెక్కాడు. స్టార్టు చేశాడు. గేరు వేయలేదు. కాలితో పెడలు కొంచెం అదిమి — తీసేశాడు.

ఇంజను తగ్గలేదు. అరుస్తోంది. రేకులన్నీ వణుకుతున్నాయి.

రెండు కాళ్లూ పైకి లాక్కొని సీటు మీద బాసింపట్టు వేసుకున్నాడు. సెల్లు లైటు కిందికి కొట్టాడు. పెడలు... అదిమింది అదిమినట్టే ఉంది. ఎవరో తొక్కి పట్టుకున్నట్టు.

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. భయంతో కాదు.

"వెంకటేశ్వర్లన్నా... నువ్వేనా?" గుసగుసగా అన్నాడు. "పొద్దున ప్రతాప్ వస్తాడు. ఆయన ముందర గూడా ఇట్లే ఒకతూరి తొక్కన్నా. నీకు పుణ్యముంటాది."

ఇంజను వేడెక్కే కొద్దీ... పెడలు కదిలింది. లైటు వెలుగులో, మెల్లగా, బద్ధకంగా పైకి లేచింది. తొక్కినవాడు కాలు తీసినట్టే. ఇంజను అరుపు తగ్గి గురకయింది.

అప్పుడు వచ్చింది వాసన. గుంత కంపు కాదు. మాడిన పాకం... చెడిన నెయ్యి... లోపలెక్కడో చిటచిటమని చుక్కలు కాలుతున్న చప్పుడు.

దెయ్యానికి నెయ్యి వాసనేంది?

ఇంజను ఆపి బానెట్టు ఎత్తాడు. పైనంతా శుభ్రంగానే ఉంది. చెయ్యి అడుక్కి పోనిచ్చాడు, రాడ్డు వంగి కీలు తిరిగే చోటికి. వేళ్లు మెత్తటి దేంట్లోకో దిగబడ్డాయి. లాగితే తీగలా సాగింది. లైటు వేసి చూశాడు.

నల్లటి ముద్ద. అందులో చచ్చిన చీమలు, బొద్దింక రెక్కలు, ఎలుక వెంట్రుకలు, పెంటికలు. వాటి మధ్యన ఖర్జూరం ముక్క ఒకటి, కలకండ పలుకు ఒకటి. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏలకులు.

పంచామృతం.

పళ్లూ బెల్లమూ నెయ్యీ కలిపి పాకంలా చేసే రకం. పక్కకు పోయి కక్కాడు. దేవుడి ప్రసాదం ఇట్లా కుళ్లితే ఉమ్మాలో, కళ్లకద్దుకోవాలో తెలియలేదు. కానీ సంగతి మాత్రం అర్థమైంది. చల్లగా ఉన్నప్పుడు పాకం గట్టిపడి రాడ్డును పట్టేస్తుంది, స్ప్రింగు లాగలేదు. వేడెక్కితే కరిగి వదిలేస్తుంది. కారు చల్లారేది షెడ్డులో కాబట్టి దాని పిచ్చంతా షెడ్డులోనే. గుణశేఖర్ చెయ్యి పెట్టేటప్పటికి ఘాటు దాకా పోయి వేడెక్కి ఉంది.

ఇంజను మీద పంచామృతం పోసే తెలివితక్కువోడు ఎవడో! ఆయుధ పూజలో ప్రతాప్ ఇంటివాళ్లెవరో చేసి ఉంటారు. వాళ్ల భక్తికి పిల్ల ప్రాణం పోయేది. పళ్లు కొరుక్కుంటూ కీలు విప్పాడు. కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. తుడిచే కొద్దీ వస్తోంది, గోళ్లలోకి పోతోంది. పక్కకి తిరిగి ఉమ్ముతూ, తిడుతూ, మళ్లీ తుడుస్తూ... కీలు బిగించి, స్ప్రింగు ఒక కొక్కెం ముందుకు లాగి తగిలించాడు. ఇంజను చల్లారే దాకా ఆ కంపులోనే కూర్చున్నాడు. తర్వాత స్టార్టు చేసి, తొక్కి, వదిలాడు. పెడలు టక్కున పైకొచ్చింది.

షెడ్డులో దెయ్యం లేదు. తన కాలిలో తప్పు లేదు. ముద్దను ప్లాస్టిక్ కవర్లో కట్టుకొని ఇంటికి బయల్దేరాడు.

సిద్ధమ్మ లేచి వాకిట్లో నిలబడి ఉంది. "యాడికి పోయినావయ్యా, కంపు కొడతా ఉండావు?"

కవరు విప్పి చూపించాడు. అంతా చెప్పాడు. "నా కాలు కాదు మే. ఇదీ! ఎవురో పాపాత్ములు బానెట్టు ఎత్తి పంచామృతం పోసినారు."

సిద్ధమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఆ ముద్ద వైపు, అతని మొహం వైపు మార్చి మార్చి చూసింది. ఎగతాళి చేస్తున్నాడనుకుంది.

"నువ్వే గదయ్యా," అంది.

"ఏంది?"

"ఆయుధ పూజ నాడు. మా తమ్ముడు పళని నుంచి తెచ్చిన పంచామృతం డబ్బా. చీమలు పడతాయి వద్దయ్యా అంటే, ఇనుముకి మాత్రం నోరుండదా అంటివి. ధరణి పాప చప్పట్లు గూడా కొట్టె. డబ్బా అడుగున వేలితో గీకి మరీ పోస్తివి."

సుబ్రమణ్యం వెతుక్కున్నాడు. పూజ గుర్తుంది. గుమ్మడికాయ కొట్టింది గుర్తుంది. చక్రాల కింద నిమ్మకాయలు గుర్తున్నాయి. బానెట్టు ఎత్తింది... డబ్బా... వేలు...

అక్కడ ఎవరూ లేరు.

"గుర్తు లేదా?" సిద్ధమ్మ గొంతు సన్నబడింది.

"ఆ... ఔను గదా. నేనే," అన్నాడు.

తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాడు. సబ్బు పెట్టి, బూడిద పెట్టి, పీచు పెట్టి రుద్దాడు. ఆ చేతులు ఇంకెవరివో అయినట్టు, వాటిని తాకడానికే అసహ్యపడుతున్నట్టు రుద్దాడని చెప్పింది సిద్ధమ్మ. తర్వాత వచ్చి తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"పొద్దున ప్రతాప్ వస్తే ఇచ్చేయ్ మే."

"రాడ్డు బాగయిందంటివి గదా?"

"రాడ్డు బాగయింది," అన్నాడు.

సుజనా, ఇది సాపు రాసేది నువ్వే, మీ పుట్టిల్లు పలమనేరే గదా తల్లీ, పేర్లు ఒకసారి సరిచూడు. గుంతలో పడినాయన పేరూ, కారు తోలినాయన పేరూ ఒకరిది ఒకరికి రాశానేమో.