జల్లెడ పట్టిన ప్రశ్న

అనకాపల్లిలో ఇప్పుడు మిక్సీ పాడైనా, మోటారు కాలినా మనుషులు మాట్లాడే తీరే వేరు. ముందు మోడల్ నంబరు, తర్వాత లోపం, ఆ తర్వాత ఏం చేసి చూశారో చెబుతారు. అంతే, మూడు వాక్యాలు. ఇదంతా డాక్టర్ చామర్తి ఉమాకాంత్ తయారుచేసిన ‘జల్లెడ’ అనే ఫోన్ యాప్ చలవ.

పూర్వం ఆన్‌లైన్‌లో సాంకేతిక ప్రశ్న అడగడమంటే పెద్ద తద్దినం. ఒకడు ‘ఫ్యాన్ తిరగట్లేదు, ఏం చేయాలి’ అని రాసి ఊరుకునేవాడు. ఇంకొకడు ఆ ఫ్యాన్ ఎవరి పెళ్లిలో ఎవరు చదివించారో అక్కణ్ణుంచి మొదలుపెట్టేవాడు. చదవలేక మెకానిక్కులు తలలు పట్టుకునేవారు. జల్లెడ ఆ గోల తీర్చింది. తక్కువైంది అడిగి రాబడుతుంది, ఎక్కువైంది తీసి పారేస్తుంది. మిగిలింది ఆ పని తెలిసిన మెకానిక్‌కి చేరుతుంది. పది నిమిషాల్లో జవాబు. మరి జనం నెత్తిన పెట్టుకోరూ?

వరహాలమ్మ కూడా పెట్టుకుంది. ఆవిడ జాకెట్లు కుడుతుంది. భర్త సింహాద్రికి ఊపిరితిత్తులు చెడిపోయి రెండేళ్లుగా మంచమే గతి. గాలిలోంచి ఆక్సిజన్ తీసి అందించే మిషన్ ఒకటి మంచం పక్కన గుర్రుమంటూ ఉంటుంది. అది ఆగితే ఆయన లేడు.

దసరా రోజు కుట్టుమిషన్‌కి ఆయుధపూజ చేస్తుంటే సింహాద్రి పడుకునే అన్నాడు, “అన్నం పెట్టేదానికి చేసి, ఊపిరి పోసేదానికి చెయ్యవేటే?”

నిజమే కదా అనుకుంది. దానికీ బొట్లు పెట్టింది. పక్కనున్న చదరపు జాలీకి, గడపకి రాసినట్టు, నిండా పసుపూ చందనమూ మెత్తింది. మిషన్ గాలి పీల్చుకునేది ఆ జాలీలోంచేనని ఆవిడకి ఎవరు చెప్పారు గనక!

మర్నాడు పొద్దున మిషన్ ఎర్రలైటు వేసి కూత పెట్టింది. వరహాలమ్మ ఫోన్ తీసి ఉన్నదంతా రాసింది. పూజ సంగతి, చందనం సంగతి, ఆయన అన్న మాట, రాత్రి పులిహోర రెండు ముద్దలు తిన్న సంగతి, తనకి కాళ్లూ చేతులూ ఆడటం లేదన్న సంగతి. జల్లెడ మోడల్ నంబరు అడిగి తీసుకుంది. పూజా పులిహోరా భయమూ అన్నీ తీసేసింది. శ్రీకాకుళంలో ఉన్న మెకానిక్‌కి చేరిందల్లా ఫలానా మోడల్, ఎర్రలైటు, గాలి తగ్గింది అని. పాపం, అతణ్ణి అనడానికేం లేదు. ఆ కాస్త మాటకి ఎవరైనా చెప్పే జవాబే చెప్పాడు. కంప్రెసర్ అరిగింది, ఆపేసి సిలిండర్ పెట్టండి, రేపు మనిషిని పంపిస్తాం.

ఇంట్లో ఉన్న ఒక్క సిలిండరూ మధ్యాహ్నానికే అయిపోయింది. అంబులెన్సు వచ్చేసరికి సింహాద్రి లేడు.

చెప్పిన ప్రకారం మర్నాడు మనిషి వచ్చాడు. జాలీ విప్పి, లోపలి స్పాంజి కడిగి, ఆరబెట్టి బిగించాడు. మిషన్ చక్కగా నడిచింది. వరహాలమ్మ చూస్తూ నిలబడింది. ఏడుపు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. లోపల అంతా మొద్దుబారిపోయింది. పదకొండో రోజు దాటగానే మళ్లీ జాకెట్లు కుట్టడానికి కూర్చుంది.

నెల తిరిగాక ఉమాకాంత్ స్వయంగా వచ్చాడు. కుర్చీ వేసినా కాసేపటిదాకా కూర్చోలేదు. తప్పు తనదేనన్నాడు. జల్లెడని సరిచేయాలంటే ఆవిడ రాసిన ప్రశ్న మొత్తం కావాలి. చిక్కేమిటంటే, తీసి పారేసింది జల్లెడ దాచిపెట్టదు. అది ఇప్పుడు ఎక్కడా లేదు.

“వరహాలమ్మ గారూ, ఆ రోజు రాసిందంతా మళ్లీ చెప్పండి. ఏదీ వదలొద్దు. ఎంత పొడుగైనా వింటాను.”

ఆవిడకి చెప్పాలనే ఉంది. పూజ నాడు ఆయన మంచం మీంచి ఏదో అన్నాడు. నవ్వాడు కూడా. ఏమన్నాడో ఎంత తవ్వుకున్నా అందలేదు. ఆస్పత్రిలో, వార్డు ఆఫీసులో, చుట్టాల దగ్గర నెల రోజులుగా చెప్పి చెప్పి అరిగిన మాటలే నోటికొచ్చాయి.

మోడల్ నంబరు తప్పులేకుండా చెప్పింది. “ఎర్రలైటు వచ్చింది. మా ఆయన పోయారు.”

ఉమాకాంత్ రికార్డర్ పట్టుకుని ఇంకా ఎదురుచూస్తున్నాడు. ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ అడిగింది.

“సరిపోతుందా బాబూ?”