బొమ్మలో లేని పసుపు

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి లోపలి మనిషి చచ్చిపోయి ఉన్నాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ పని. విదేశీ ముఠాను వదిలేసి మన వైపు రావడానికి బయల్దేరిన కొరియర్ అతను. గూఢచారి డిపార్ట్‌మెంట్ గడప తొక్కకముందే ప్రాణం పోయింది. చేతిలోని ఫోన్ మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆ స్క్రీన్‌ని చీఫ్ బ్రీఫింగ్ రూమ్ గోడ మీద పెద్దది చేసి చూపించాడు. వాటర్ కలర్ బొమ్మ. కిటికీ అంచున ఒక కెటిల్, వెనక గాజు మీద ఆవిరి.

ఏజెంట్ ముంగిస ముందుకు వంగి చూశాడు. ఆ కెటిల్ పొట్టకు ఒక సొట్ట ఉంది. ఆ సొట్ట పెట్టింది తనే, స్టవ్ మీద నుంచి దించుతూ చెయ్యి జారి. అది తన ఇంటి కెటిల్. తన వంటింటి కిటికీ.

"ఇది ఆన్‌లైన్ ఆర్ట్ ఆర్కైవ్," అన్నాడు చీఫ్. "ఎవరైనా బొమ్మలు అప్‌లోడ్ చెయ్యొచ్చు. ఎవరి బొమ్మకైనా ఎవరైనా ట్యాగ్ పెట్టొచ్చు. పిల్లి, చెట్టు, సాయంత్రం, ఏదైనా సరే. ముఠా ఈ ట్యాగుల్లోనే మెసేజ్‌లు పంపుకుంటోంది. ఎలాగో తెలీదు."

"ఈ బొమ్మ ఎవరిది సార్?" గొంతు మామూలుగా ఉండేలా జాగ్రత్తపడ్డాడు ముంగిస.

"ఐడీ 'తీరికలేదు'. అసలు మనిషెవరో నువ్వే తేల్చాలి. ముఠా మనిషైతే అరెస్ట్. సాయంత్రం ఆరు దాకా టైమ్."

ఆరింటికి సైఫర్ ఇంజనీర్‌ను ల్యాబ్ నుంచి తరలిస్తున్నారు. దేశ రహస్యాలకు వేసిన తాళాలన్నీ ఆయన బుర్రలో ఉన్నాయి. మూడు వ్యాన్లు ఒకేసారి గేటు దాటతాయి: తెలుపు, ఆకుపచ్చ, పసుపు. ఆయన ఉండేది పసుపు వ్యాన్‌లో. గేటు బయట ఎక్కడో షూటర్ కాచుకుని ఉన్నాడు. రంగు తెలిస్తే చాలు వాడికి. ఐదింటికే వ్యాన్ల తలుపులు మూస్తారు. అప్పటి నుంచి గమ్యం చేరేదాకా వ్యాన్లలో, గేటు దగ్గర ఫోన్లు, రేడియోలు బంద్. చీఫ్ కూడా పిలవలేడు. అది చీఫ్ సొంత ఐడియా, అందుకే దాని గురించి రెండుసార్లు చెప్పాడు.

"రంగు సంగతి ఈ గదిలో ముగ్గురికే తెలుసు. నాకూ, నీకూ, నెమలికీ."

నెమలి చిన్నగా నవ్వింది. ఆమె నవ్వితే బ్రీఫింగ్ రూమ్‌లో ట్యూబ్‌లైట్ కూడా కాస్త సిగ్గుపడేది. డబుల్ ఏజెంట్. ముఠాకు వాళ్ళ మనిషి, మనకు మన మనిషి. ఆర్కైవ్‌లో ట్యాగింగ్ గైడ్‌లైన్స్ కమిటీకి చైర్‌పర్సన్‌గా ఆమెను డిపార్ట్‌మెంటే కూర్చోబెట్టింది. చీఫ్ తన చేత్తో కాఫీ కలిపి ఇచ్చేది ఆమె ఒక్కదానికే. ఈ సంగతి ముంగిసకు చాలాకాలంగా కడుపులో రగులుతూనే ఉంది, కానీ ఇవాళ దానికి తీరిక లేదు.

మొదటిసారి చీఫ్ దగ్గర ఒక విషయం దాచిపెట్టి బయటికొచ్చాడు.

భార్య దృష్టిలో అతను వాటర్ ఫిల్టర్లు అమ్ముకునే సేల్స్‌మన్. పన్నెండేళ్ళ కాపురంలో అతను దాచిన అబద్ధం అదొక్కటే. ఆమె కూడా ఏదో దాచగలదని అతనికి ఏనాడూ తోచలేదు. బొమ్మలు వేస్తుందా? ఎప్పుడు? ఎక్కడ కూర్చుని? మనుషుల జేబుల్లో ఏముందో చూసి చెప్పగలిగిన తన కంటికి ఇంట్లో రంగు డబ్బాలు కనబడలేదా?

కారులో కూర్చుని ల్యాప్‌టాప్‌లో 'తీరికలేదు' పేజీ తెరిచాడు. గుమ్మంలో చెప్పులు, తీగ మీద ఆరేసిన చొక్కా, సగం తాగిన గ్లాసు. అన్నీ తన ఇంటివే. మొత్తం ఆర్కైవ్‌లో ఆ బొమ్మల్ని పట్టించుకున్న ప్రాణి ఒక్కటే. ఐడీ 'వానచినుకు'. ప్రతి బొమ్మకూ వాడి ట్యాగులే. కెటిల్ బొమ్మ కింద వాడి కామెంట్: "వెలుతురు మీ దగ్గర మాట వింటుంది."

దానికి ఆమె జవాబు: "నా బొమ్మల్ని ఇంత శ్రద్ధగా చూసింది మీరొక్కరే."

ముంగిస ఒళ్ళు భగ్గుమంది. ఉన్నమాట చెప్పాలంటే, భార్య విదేశీ గూఢచారి అయి ఉండొచ్చన్న అనుమానం అతన్ని అంతగా బాధించలేదు. దానికి లాయర్లున్నారు, కోర్టులున్నాయి. వెలుతురు మాట వింటుందా? ఎవడు వీడు? పెళ్ళయిన ఆడమనిషితో మాట్లాడే మాటలేనా ఇవి? ఆ కామెంట్‌ను నాలుగైదుసార్లు చదివి, చదివిన ప్రతిసారీ కొత్తగా మండిపడ్డాడు.

వాడి తప్పు ఒక్కటైనా పట్టుకోవాలన్న కసితో ప్రతి ట్యాగునూ బొమ్మ పక్కన పెట్టి చూశాడు. డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లు ఇలా చూడవు. మొగుడు చూస్తాడు. చెప్పుల బొమ్మకు 'గుమ్మం', 'నీడ', 'తోలు', 'వంతెన'. వంతెన ఎక్కడుంది ఇందులో? చొక్కా బొమ్మకు 'తీగ', 'గాలి', 'సొరంగం'. గాలి సరే, సొరంగం ఎక్కడిది?

ఆ రెండు తేదీలూ అతనికి తెలుసు. ఒకరోజు వంతెన మీద మన మనిషిని ఎత్తుకుపోయారు. ఇంకోరోజు సొరంగం దగ్గర ట్రక్కు పేలింది. ప్రతి బొమ్మకూ నిజం ట్యాగుల మధ్య ఒకే ఒక్క అబద్ధం. అదే మెసేజ్. కొరియర్ చచ్చేముందు కెటిల్ బొమ్మ తెరిచి చూశాడంటే, ఈసారి మెసేజ్ దాని మీదికే వస్తుంది. దాని మీద ఇంకా అబద్ధం లేదు.

భార్యకు ఏమీ తెలీదు. ముంగిస ఊపిరి పీల్చుకున్నాడు. కానీ మంట చల్లారలేదు.

తెల్ల గడ్డం, లావు కళ్ళద్దాలు, చేతి సంచితో బొమ్మలకు ఫ్రేములు కట్టే ముసలాయన అవతారంలో, ఆ అబద్ధాన్ని ఆపే రూల్ ఒకటి తేవాలని, ఐదు దాటాక జరిగే ఆర్కైవ్ కమిటీ మీటింగ్‌కి వెళ్ళాడు. ఎవరైనా వచ్చి ప్రతిపాదన పెట్టొచ్చక్కడ. లాండ్రీ షాపు మీద అద్దె గది. ఇస్త్రీ ఆవిరి కింది నుంచి వస్తోంది. కమిటీలో అందరికంటే గట్టి మనిషి రిటైరైన డ్రాయింగ్ మాస్టారు.

"నాదొక ప్రతిపాదన," అన్నాడు ముంగిస. "బొమ్మలో కంటికి కనబడేదే ట్యాగ్ పెట్టాలి. బొమ్మ వేసినవాళ్ళు ఒప్పుకున్నాకే అది అందరికీ కనబడాలి."

"భేష్!" అన్నారు మాస్టారు. "నేను గేదె బొమ్మ పెడితే ఎవడో 'మా మేనేజర్' అని ట్యాగ్ పెట్టాడండీ!"

నెమలి తల అడ్డంగా ఊపింది. "ఇది కళ. అనిపించింది రాసుకోనివ్వాలి. చూసేవాళ్ళ మనసు కూడా ముఖ్యమే. కొందరి దగ్గర వెలుతురు మాట వింటుంది, దాన్ని రూల్స్‌తో కట్టేస్తామా?"

ముంగిస ఉలిక్కిపడ్డాడు. ఆ వాక్యం అతనికి కంఠతా వచ్చు.

అంటే వానచినుకు 'వాడు' కాదు. అంత మండిపాటులోనూ అతనికి ఒక్క క్షణం హాయిగా అనిపించింది, మరుక్షణం ఆ హాయి కూడా పోయింది. ఆడదైతే మాత్రం? తను ఒక్కమాట అనని చోట ఇంత చక్కటి మాట అంది కదా.

ఒక్క ఓటు తేడాతో రూల్ పాసయింది. మాస్టారు అక్కడికక్కడే సైట్‌లో దాన్ని ఆన్ చేశారు. బల్ల కింద నెమలి వేళ్ళు కదిలాయి. ముంగిస లేచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆలస్యమైపోయింది. ట్యాగ్ వెళ్ళిపోయింది: 'పసుపు'. ఆమె ఫోన్‌ను మంచినీళ్ళ జగ్గులో పడేసి నవ్వింది.

"నా ట్యాగ్ ఇప్పుడు ఆ తీరికలేదు చేతిలో ఉంది. పాపం, పిచ్చి మనిషి. ఎవరూ చూడని బొమ్మలు కావాలని వెతుక్కుంటే దొరికింది. నా మాట ఎందుకు కాదంటుంది?"

ముంగిస ఉంగరంలోని మత్తు సూది ఆమె చేతికి తగిలింది. సూది అవసరానికంటే కాస్త గట్టిగానే దిగింది. నెమలి బల్ల మీద తల వాల్చేసింది.

"మాస్టారూ, ఆ ట్యాగ్ తీసెయ్యండి! ఒక మనిషి ప్రాణం!"

"అదెలా కుదురుతుందండీ?" అన్నారు మాస్టారు. "మీరేగా రూల్ పెట్టారు. వేసినావిడే తేల్చాలి."

భార్యకు ఫోన్ చేశాడు. కట్ చేసింది. ఆ వేళకు అతను ఫోన్ చేసేది ఆలస్యమవుతుందని చెప్పడానికే. మళ్ళీ చేశాడు. మళ్ళీ కట్. ఇల్లు రెండు వీధుల అవతల. పరుగెత్తాడు. మెట్ల మీద గడ్డం పీకేసి సంచిలో కుక్కాడు.

ఆమె వంటింటి బల్ల దగ్గర ఫోన్ చూసుకుంటూ నవ్వుకుంటోంది. ఆ నవ్వు చూడగానే, దారి పొడవునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ, వానచినుకు ఆడదన్న సంగతితో సహా, ఎగిరిపోయాయి.

"ఎవడు వాడు?"

ఆమె తలెత్తింది. నవ్వు పోయింది. "ఏమన్నారు?"

"ఆ వానచినుకుగాడు!"

"నా ఫోన్ చూస్తున్నారా?" ఆమె నెమ్మదిగా లేచి నిలబడింది. "ఏళ్ళ తరబడి ఈ బల్ల మీదే బొమ్మలు వేస్తున్నానండీ. మీరొచ్చి వాటి పక్కనే కంచం పెట్టుకుని తిని వెళ్ళారు. ఒక్కరోజు ఇదేమిటని అడిగారా? అడిగిన మనిషి అదొక్కటే. ఎవరైతే మీకెందుకు?"

ఆమె వేలు 'ఒప్పుకుంటున్నాను' బటన్ మీదికి వెళ్ళింది. గోడ గడియారంలో ఆరు కావస్తోంది. ఫోన్ లాక్కుందామని చెయ్యి చాచాడు. పెనుగులాటలో ఆ వేలు తగిలితే ఇంజనీర్ పోయినట్టే. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రోషాన్ని గుటకేసి మింగాడు.

"ఆ బొమ్మలో కెటిల్ ఉంది," అన్నాడు. "కిటికీ ఉంది. గాజు మీద ఆవిరి ఉంది. ఆవిరిలో వేలితో గీసిన గీత ఉంది, కింద కొస దగ్గర నీటిబొట్టు జారుతోంది. మూత మీద నీ ముఖం చాలా చిన్నగా కనిపిస్తోంది. పసుపెక్కడుందే?"

ఆమె అతన్ని వింతగా చూసింది. తర్వాత బొమ్మను చూసింది.

"నా ముఖం ఎవరికీ కనబడలేదు," అంది నెమ్మదిగా. "వానచినుకుకి కూడా." ఇంకోసారి చూసింది. "పసుపు లేదు. నేను అసలు వాడనేలేదు. చూడకుండానే పెట్టేసింది!"

కాదు అని నొక్కింది. గడియారం ఆరు కొట్టింది.

కాసేపటికి ముంగిస వాచీ సన్నగా వణికింది. చీఫ్ మెసేజ్: వ్యాన్లు చేరాయి. షూటర్ దొరికాడు, గేటు ఎదురుగా బెంచీ మీద ఫోన్‌లో బొమ్మల సైట్ రిఫ్రెష్ చేసుకుంటూ. నెమలిని తీసుకెళ్ళారు.

ముంగిస కుర్చీలో కూలబడ్డాడు. ఆమె అతని ముందు ఇంకో బొమ్మ పెట్టింది, తడి ఇంకా ఆరలేదు. అతను చాలాసేపు చూశాడు. ఈసారి ఏ తప్పూ వెతకలేదు.

"చాలా బాగుంది," అన్నాడు.

"అది కంటికి కనబడేది కాదు. కొత్త రూలొచ్చింది, కుదరదు," అంది ఆమె. మళ్ళీ ఫోన్ చూస్తూ మురిసిపోయింది. "ఈ రూలు పెట్టింది ఎవరో ఫ్రేములు కట్టే ముసలాయనట. ఎంత మంచి మనిషో! బొమ్మ అంటే ఏమిటో తెలిసినవాడు. ఆయనకొక మెసేజ్ పెట్టాలి."

ముంగిసకు ఆ ముసలాయన మీద ఒళ్ళు మండింది.